చికిత్సా టీకా మొదటి దశ ట్రయల్: "భద్రత" అంటే అసలు ఏం చూస్తారు?

నీలిమేఘం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాకు హెచ్‌ఐవీ ఉంది. ఏళ్లుగా ఏఆర్‌టీ (వైరస్‌ని అదుపులో ఉంచే) మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నా. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, ఎప్పుడు చూసినా 50 లోపే. సీడీ4 (రక్షణ కణాల లెక్క) నిలకడగా ఉంది. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, రోజూ పనికి వెళ్తున్నా.

ఈమధ్య చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు ఒక ట్రయల్ గురించి చెప్పారు. హెచ్‌ఐవీ రాకుండా ఆపే టీకా కాదట, వచ్చినవాళ్లకి వేసే చికిత్సా టీకా. రక్షణ కణాలకి వైరస్‌ని కొత్తగా గుర్తుపట్టడం నేర్పి, ఎప్పటికైనా మాత్రలు లేకుండానే అది తలెత్తకుండా చేయాలన్నది వాళ్ల ఆశ. ఇప్పుడు జరిగేది మాత్రం మొదటి దశ, "భద్రత చూడటానికే" అన్నారు. కన్సెంట్ ఫారం (ఒప్పుకోలు పత్రం) చేతికిచ్చి ఇంటి దగ్గర తీరిగ్గా చదువుకోమన్నారు.

చదివాను. రెండుచోట్ల ఆగిపోయాను. "దీనివల్ల మీకు వ్యక్తిగతంగా ప్రయోజనం ఉండకపోవచ్చు" అని ఒకచోట ఉంది. చివరి పేజీల్లో "కొందరిలో వైద్యుల పర్యవేక్షణలో మాత్రలు తాత్కాలికంగా ఆపుతాం" అని ఉంది. మొదటిది చదివి ఆలోచనలో పడ్డా. రెండోది చదివి భయపడ్డా.

చేరాలా వద్దా అన్నది నేనే తేల్చుకుంటా. వాళ్లని ఏం అడగాలో మాత్రం తెలిసినవాళ్లు చెప్పండి.

నర్సమ్మ

నీలిమేఘం గారూ, నేను ట్రయల్ వార్డులో పనిచేసే నర్సుని. మీకు చెప్పిన ట్రయల్ ఏదో నాకు తెలీదు, కాబట్టి మామూలుగా ఎలా జరుగుతుందో చెప్తా.

టీకా వేసేరోజు ముందు రక్తం తీస్తాం. వైరల్ లోడ్, సీడీ4, లివర్, కిడ్నీ పరీక్షలన్నీ "టీకాకి ముందు" లెక్కగా ఉండాలి. ఆడవాళ్లకైతే గర్భ పరీక్ష తప్పనిసరి. సూది వేశాక వెంటనే పంపించం, కనీసం అరగంట, మొదటి డోసుకైతే ఇంకా ఎక్కువసేపు మా కళ్లముందే కూర్చోవాలి. బీపీ, నాడి, జ్వరం చూస్తూనే ఉంటాం.

ఇంటికెళ్లేటప్పుడు ఒక థర్మామీటరు, చిన్న స్కేలు, ఒక డైరీ కార్డు ఇస్తాం. ఆ స్కేలు ఎందుకని అందరూ అడుగుతారు. సూది వేసిన చోట ఎర్రబడితే, వాస్తే, ఎంత మేరకో కొలిచి రాయాలి. "కొంచెం వాచింది" అని రాస్తే మాకు పనికిరాదు. మామూలుగా ఏడు రోజులపాటు రోజూ సాయంత్రం ఒకే సమయానికి జ్వరం, నొప్పి, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వికారం అన్నీ రాసుకోవాలి. వాటికి గ్రేడ్లు ఉంటాయి. పనికి అడ్డం రాకపోతే 1, కొంత అడ్డమైతే 2, పని మానుకోవాల్సి వస్తే 3, ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 4.

ఆ కార్డుని తేలిగ్గా తీసుకోకండి. మొదటి దశలో వాళ్లు రాసే రిపోర్టులో సగం ఆ కార్డుల్లోంచే వస్తుంది. కొంతమంది "డాక్టరుగారు బాధపడతారేమో" అని నొప్పిని తగ్గించి రాస్తారు. దయచేసి అలా చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ప్రయోజనం ఉండకపోవచ్చని రాశారంటే నిజాయితీగా రాశారనే అర్థం. మొదటి దశలో లాభం ఉంటుందని ఎవరైనా ఊరిస్తే అప్పుడు అనుమానించండి.

కొత్త_సభ్యుడు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఆ టీకాలో హెచ్‌ఐవీ ఉంటుందా? పొరపాటున ఇంకో రకం హెచ్‌ఐవీ ఎక్కే ప్రమాదం లేదా?

ల్యాబ్‌కోటు

ఇప్పుడు పరీక్షిస్తున్న వాటిలో బతికున్న హెచ్‌ఐవీ ఉండదు. వైరస్‌లోని కొన్ని ప్రోటీన్ల తాలూకు సమాచారంగానీ, ముక్కలుగానీ ఉంటాయి. వాటినుంచి పూర్తి వైరస్ తయారు కాలేదు.

ఆ ముక్కల్ని ఒంట్లోకి చేర్చే దారులు వేరువేరు. డీఎన్‌ఏ టీకాలున్నాయి. మనిషిలో పెరగలేని పాక్స్ వైరస్‌లని వాహనంగా వాడేవి ఉన్నాయి (ఎంవీఏ, కెనరీపాక్స్). ఎడినోవైరస్ వాహనాలున్నాయి. నేరుగా పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కలు) ఇచ్చేవీ ఉన్నాయి. ఇంకో పద్ధతిలో మీ డెండ్రిటిక్ కణాలనే (శత్రువుని మిగతా రక్షణ కణాలకి చూపించేవి) బయటికి తీసి, ల్యాబ్‌లో వాటికి వైరస్ భాగాలు చూపించి మళ్లీ ఎక్కిస్తారు. బార్సిలోనా బృందం 2013లో ప్రచురించిన ట్రయల్ అలాంటిదే. వేడితో చంపిన, ఆ రోగి సొంత వైరస్‌నే వాడారు. వైరల్ లోడ్ కొంతకాలం బాగా తగ్గింది, తర్వాత ఆ ప్రభావం నిలవలేదు.

నీలిమేఘం గారూ, మీది ఏ రకమో ముందు కనుక్కోండి. ఇబ్బందులు దాన్నిబట్టే మారతాయి. డీఎన్‌ఏ టీకాకి ఎలక్ట్రోపోరేషన్ వాడితే సూదితోపాటు చిన్న కరెంటు పల్స్ ఇస్తారు, కండ పటుక్కున బిగుసుకుంటుంది, కాసేపు గట్టిగానే నొప్పెడుతుంది. డెండ్రిటిక్ రకమైతే ముందు కణాలు తీయడానికి ల్యూకాఫెరెసిస్ చేస్తారు. ఒక చేతినుంచి రక్తం మెషిన్‌లోకి వెళ్లి, తెల్లకణాలు వేరై, మిగతాది రెండో చేతిలోకి వస్తుంది. గంటలు పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే సిట్రేట్ వల్ల పెదాల చుట్టూ జివ్వుమంటుంది.

నీలిమేఘం

నాది ఎంవీఏ వాహనం అని ఫారంలో ఉంది. చేతికి మామూలు సూదే.

ల్యాబ్‌కోటు గారూ, నాకు అర్థంకానిది ఒకటుంది. జ్వరం, నొప్పి, వాపు ఏ టీకాకైనా చూస్తారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో ప్రత్యేకంగా చూసేదేమైనా ఉందా?

ల్యాబ్‌కోటు

ఉంది. ఈ రంగంలో అందరినీ వెంటాడే ప్రశ్న అదే, కొంచెం వివరంగా రాస్తా.

టీకా పని రక్షణ కణాలని రేపడం. హెచ్‌ఐవీకి కావలసింది రేగిన సీడీ4 కణమే. నిద్రలో ఉన్న కణంలో వైరస్ సరిగా పెరగలేదు, మేలుకున్న కణంలో జోరుగా పెరుగుతుంది. అంటే శత్రువుని పట్టుకోవడానికి మనం లేపే సైన్యంలోనే కొందరు దానికి మేత కావచ్చు. మంచి చికిత్సలు ఇంకా అందరికీ అందని కాలంలో, 1996లో, మామూలు ధనుర్వాతం టీకా వేసి చూశారు. మందులతో అదుపులో లేనివాళ్లలో వైరల్ లోడ్ తాత్కాలికంగా పెరిగింది. అది హెచ్‌ఐవీ టీకా కూడా కాదు!

మీలా ఏఆర్‌టీ మీద ఉన్నవాళ్లలో మాత్రలు ఆ పెరుగుదలని అణిచేస్తాయి. ఒకోసారి వైరల్ లోడ్ చిన్నగా ఎగిరి మళ్లీ కిందికి రావచ్చు, దాన్ని బ్లిప్ అంటాం. అందుకే ఇలాంటి ట్రయల్స్‌లో టీకా తర్వాత వైరల్ లోడ్‌ని, సీడీ4ని మామూలు చెకప్‌లకన్నా దగ్గరదగ్గరగా చూస్తారు. దాగి ఉన్న వైరస్ నిల్వ, అంటే రిజర్వాయర్, పెరిగిందా తగ్గిందా అనీ కొలుస్తారు.

ఆ నిల్వ లేకపోతే ఈ గొడవే ఉండేది కాదు. మాత్రలు పెరుగుతున్న వైరస్‌ని ఆపుతాయి. కానీ కొన్ని జ్ఞాపక టి కణాల (పాత శత్రువుని గుర్తుపెట్టుకునే రక్షణ కణాల) డీఎన్‌ఏలో వైరస్ తన ప్రతిని అతికించేసి, నివురుగప్పిన నిప్పులా ఏ చప్పుడూ లేకుండా ఉంటుంది. ఆ నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతుందని లెక్కగట్టారు. ఆ వేగంతో పూర్తిగా పోవాలంటే 70 ఏళ్లకు పైనే మాత్రలు వేసుకోవాలి. ఆపితే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ తిరిగొస్తుంది.

పాతకాపు

నేను ఈ జబ్బుతో చాలాకాలంగా ఉన్నాను. ఒకే మందు ఇచ్చే రోజులు చూశాను, 1996 తర్వాత మూడు మందుల కలయిక వచ్చి మాలాంటివాళ్లని బతికించడమూ చూశాను. చికిత్సా టీకా మాట వింటే నాకు ఆశా కలుగుతుంది, భయమూ వేస్తుంది. చిన్నవాళ్లు తెలుసుకోవాలని రెండు పాత సంగతులు చెప్తా.

మొదటిది రెమ్యూన్. పోలియో టీకా చేసిన జోనాస్ సాల్క్ గారి ఆలోచన అది. చంపిన హెచ్‌ఐవీని, దాని పైపొర ప్రోటీన్ తీసేసి, జబ్బు ఉన్నవాళ్లకే ఇవ్వడం. భద్రత విషయంలో పెద్ద ఫిర్యాదులేమీ రాలేదు. 2,527 మందితో పెద్ద ట్రయల్ చేసి 2000లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు ముదరడంలోగానీ చావుల్లోగానీ తేడా లేదు. ఎన్నో ఏళ్ల ఆశ అలా పోయింది.

రెండోది కెనరీపాక్స్ మీద చేసిన ఆల్వాక్ టీకా. 2008లో ప్రచురితమైన ఒక ట్రయల్‌లో, టీకా వేసుకున్నవాళ్లకి మాత్రలు ఆపాక వైరస్ ఎక్కువగా తిరిగొచ్చింది. ప్లాసిబో (మందు లేని ఉత్తి సూది) వాళ్లకన్నా ముందే మళ్లీ మాత్రలు మొదలుపెట్టాల్సి వచ్చింది. ల్యాబ్‌కోటు గారు చెప్పిన మేత సంగతి ఇదే. ఆ టీకా వేసినప్పుడు మాత్రం అందరూ బాగానే తట్టుకున్నారన్నారు. డైరీ కార్డు చూస్తే "భద్రం" అనే రాసి ఉంటుంది!

అందుకే పత్రికల్లో "టీకా సురక్షితమని తేలింది" అన్న హెడ్డింగు కనబడితే నాకు గుండె ఝల్లుమంటుంది. ఎన్ని వారాలకి సురక్షితం? మాత్రల మీద ఉండగానా, ఆపాకా? ఎంతమందిలో? అవి చెప్పకుండా ఆ మాట వాడటం మాబోటివాళ్లకి అన్యాయం.

లెక్కల_మాస్టారు

"ఎంతమందిలో" అన్న ప్రశ్నకి నేను జవాబిస్తాను, అది నా వృత్తి.

మొదటి దశలో సాధారణంగా కొన్ని పదుల మందే ఉంటారు. 30 మందికి టీకా వేసి ఒక్కరికీ తీవ్రమైన హాని జరగలేదనుకోండి. హాని అవకాశం సున్నా అని దాని అర్థం కాదు. గణాంకాల్లో ఒక సులువైన సూత్రం ఉంది: ఏ సంఘటనా జరగకపోతే 3ని మనుషుల సంఖ్యతో భాగించండి. 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ ప్రమాదం అదే. 3ని 30తో భాగిస్తే పదో వంతు. అంటే ప్రతి పదిమందిలో ఒకరికి హాని చేసే టీకా కూడా ఆ 30 మందిలో కనిపించకుండా జారిపోవచ్చు. 300 మందిలో ఏమీ జరగకపోతే గరిష్ఠం నూటికి ఒకటికి దిగుతుంది.

కాబట్టి మొదటి దశ పట్టుకోగలిగేది తరచుగా వచ్చే హానిని, వెంటనే వచ్చే హానిని. అరుదైనది దానికి అందదు. ఇది వాళ్ల తప్పు కాదు. ఎక్కువమందిని ప్రమాదంలో పెట్టకుండా మొదలుపెట్టాలంటే అంతే.

2007 సెప్టెంబరులో ఆగిపోయిన స్టెప్ ట్రయల్ గుర్తుచేసుకోవాలి. అది హెచ్‌ఐవీ రాకుండా చేసే టీకా, ఎడినోవైరస్ 5 వాహనం. తొలి దశల్లో శుభ్రంగా దాటింది. సుమారు 3,000 మందితో చేసిన తర్వాతి ట్రయల్‌లో, ఆ ఎడినోవైరస్ యాంటీబాడీలు ముందే ఉన్న, సున్తీ లేని పురుషుల్లో టీకా వేసుకున్నవాళ్లకే ఎక్కువ ఇన్ఫెక్షన్లు వచ్చాయి. 30 మందిని చూసి అలాంటిది ఎవరూ ఊహించలేరు.

విద్యార్థి_బయో

తొలి దశ అంటే మా క్లాసులో టీజీఎన్1412 గురించి చెప్పారు. అలాంటిది ఇక్కడ జరగొచ్చా? అది తెలిసినప్పట్నుంచి నాకు ట్రయల్స్ అంటేనే భయం.

నర్సమ్మ

తెలియనివాళ్ల కోసం చెప్తా. 2006 మార్చిలో లండన్‌లో టి కణాలని రేపే ఒక యాంటీబాడీని మొదటిసారి మనుషులకి ఇచ్చారు. ఎనిమిదిమంది ఆరోగ్యవంతులు, వాళ్లలో ఆరుగురికి మందు, ఇద్దరికి ప్లాసిబో. ఒకరి తర్వాత ఒకరికి నిమిషాల తేడాతో ఎక్కించుకుంటూ పోయారు. మొదటివాళ్లకి ఏమవుతుందో తెలిసేలోపే అందరికీ ఎక్కేసింది. ఆరుగురూ సైటోకైన్ తుఫానుతో, అంటే రక్షణ వ్యవస్థ అదుపు తప్పి ఒంటినే దెబ్బతీయడంతో, ఐసీయూ పాలయ్యారు. ప్రాణాలు దక్కాయి గానీ కొందరికి శాశ్వత నష్టం జరిగింది.

అది యాంటీబాడీ, ఒక్కదెబ్బకి టి కణాలన్నిటినీ లేపేది. టీకా కొన్ని ప్రత్యేక కణాలనే, అదీ నెమ్మదిగా లేపుతుంది. రెండూ ఒకటి కాదు. కానీ ఆ ఘటన తర్వాత తొలి దశల పద్ధతే మారింది. ముందు ఒకరికే ఇచ్చి ఆగి చూస్తారు. ఏమీ కాకపోతేనే తర్వాతివాళ్లకి. తక్కువ డోసు గుంపు మొత్తం ఫలితాలు భద్రతా కమిటీ చూశాకే ఎక్కువ డోసు. ఫలానా హాని ఫలానా సంఖ్యలో కనిపిస్తే ట్రయల్ ఆపేయాలని ముందే రాసిపెట్టి ఉంటుంది.

నీలిమేఘం గారూ, మీ ప్రశ్నల్లో ఇది చేర్చుకోండి: నేను ఏ డోసు గుంపులో పడతాను, నాకన్నా ముందు ఎంతమందికి వేశారు, ఆపే నిబంధనలేంటి. చెప్పడం వాళ్ల బాధ్యత.

తోడు_నీడ

నా భర్తకి హెచ్‌ఐవీ ఉంది, నాకు లేదు. ఇలాంటి ట్రయల్ మా ఇంట్లోనూ చర్చకొచ్చింది. ఇక్కడ ఎవరూ ఇంకా ఎత్తని విషయం ఒకటి రాయాలి.

వైరల్ లోడ్ కనిపించని స్థాయిలో ఉంటే శృంగారం ద్వారా ఎదుటివాళ్లకి సోకదు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలని చూసిన పార్ట్‌నర్ అధ్యయనాలు, 2016లోనూ 2019లోనూ, ఆ భరోసా ఇచ్చాయి. మా కాపురం ఆ భరోసా మీదే నిలబడింది. ట్రయల్‌వాళ్లు మాత్రలు ఆపితే ఆ భరోసా కూడా ఆగిపోతుంది. వైరస్ ఎప్పుడు తిరిగొస్తుందో ముందే తెలీదు. పరీక్షకీ పరీక్షకీ మధ్య రావచ్చు.

ఇదేమీ ఊహ కాదు. ఒక చికిత్సా టీకా అధ్యయనంలో మాత్రలు ఆపిన దశలో భాగస్వామికి సోకిన సంఘటన 2019లో వైద్య పత్రికలో వచ్చింది. ఆ భాగస్వామి ఏ ఫారం మీదా సంతకం పెట్టి ఉండరు. నాకు నిద్రపట్టనిది ఆ మాటకే. సంతకం పెట్టేది ఒకరు, ప్రమాదం ఇద్దరిదీ.

నీలిమేఘం గారూ, మీకు తోడు ఎవరైనా ఉంటే ఫారం వాళ్లకీ చూపించండి. భాగస్వామికి ప్రెప్ (హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే) మాత్రలు ఇస్తారా, సలహా ఇస్తారా, పరీక్షలు చేస్తారా అని అడగండి. "ఇవ్వం" అంటే నేనైతే ఒప్పుకోను.

నీలిమేఘం

తోడు_నీడ గారూ, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. నాకూ తోడు ఉన్నారు. ఫారంలో భాగస్వామి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "కండోమ్ వాడాలని సూచిస్తాం." ప్రెప్ ప్రస్తావనే లేదు. ఇది అడుగుతాను.

మాత్రలు ఆపడం ఎందుకు అంత అవసరం? ఆపకుండా టీకా పనిచేసిందో లేదో తెలుసుకోలేరా?

ల్యాబ్‌కోటు

ఇప్పటికైతే పూర్తిగా తెలుసుకోలేం. టీకా వల్ల టి కణాలు పెరిగాయా అన్నది రక్తంలో కొలవొచ్చు. అవి నిజంగా వైరస్‌ని అదుపు చేస్తాయా అన్నది మాత్రలు ఆపితేగానీ బయటపడదు. నమ్మదగిన రక్త పరీక్ష ఏదైనా దొరికితే మాత్రలు ఆపే పని తప్పుతుంది. దానికోసం చాలామంది పనిచేస్తున్నారు, ఇంకా దొరకలేదు.

కానీ ఒకటి గట్టిగా చెప్తా. భద్రత మాత్రమే చూసే తొలి దశకి మాత్రలు ఆపాల్సిన పని లేదు. టీకా ఒంటికి పడుతుందా లేదా అన్నది మాత్రల మీద ఉండగానే తెలుస్తుంది. రెండూ ఒకే ఫారంలో ఉంటే, రెండో భాగానికి విడిగా ఒప్పుకోలు ఉందో లేదో కనుక్కోండి.

పాతకాపు

స్మార్ట్ అధ్యయనం ఎవరూ మర్చిపోకూడదు. 5,472 మంది. సీడీ4 బాగుంటే మాత్రలు ఆపడం, తగ్గితే మొదలుపెట్టడం. మందుల భారం తగ్గుతుందనుకున్నారు. ఆపినవాళ్లలో చావులు, జబ్బులు పెరిగాయి. గుండె, కిడ్నీ, లివర్ సమస్యలు కూడా పెరిగాయి. 2006లో ఫలితాలొచ్చాయి. "కొన్నాళ్లు ఆపితే ఏమవుతుందిలే" అన్న మాటకి ఆరోజుతో కాలం చెల్లింది.

నర్సమ్మ

పాతకాపు గారు చెప్పింది నిజం. దానికి ఒక్క మాట జోడిస్తా. స్మార్ట్‌లో నెలల తరబడి ఆపారు, సీడీ4 250 దాకా పడేదాకా చూశారు. ఇప్పటి ట్రయల్స్‌లో మొదట్లో వారానికోసారి వైరల్ లోడ్ చూస్తారు, సీడీ4 బాగా ఉన్నవాళ్లనే తీసుకుంటారు. వైరల్ లోడ్ ఒక హద్దు దాటి కొన్ని వారాలు అక్కడే ఉన్నా, సీడీ4 350 కిందికి పడినా, లక్షణాలు కనబడినా, గర్భం వచ్చినా మాత్రలు మళ్లీ మొదలు. ఆ హద్దులు ట్రయల్‌కీ ట్రయల్‌కీ మారతాయి. ఏ కారణం లేకపోయినా మీరు "నాకు మాత్రలు కావాలి" అంటే ఆ రోజే ఇవ్వాలి. ఇది తప్పక అడగండి.

ఇంకో రెండు అడగాలి. చాలామందికి తట్టవు.

హెపటైటిస్ బి ఉందా అన్నది చూశారా? టెనోఫోవిర్, లామివుడిన్ లాంటి మందులు హెచ్‌ఐవీతోపాటు హెపటైటిస్ బిని కూడా అణిచిపెట్టి ఉంచుతాయి. అది ఉన్న మనిషికి ఆ మాత్రలు ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్లని మాత్రలు ఆపే ట్రయల్‌లో చేర్చకూడదు.

మీరు వేసుకునేది ఏ మాత్ర? ఎఫావిరెంజ్ లాంటి మందు ఉంటే, ఆపాక కూడా అది ఒంట్లో వారాలపాటు నిలుస్తుంది, దానితోపాటు ఉన్నవి కొద్దిరోజుల్లో పోతాయి. అప్పుడు వైరస్ ముందు ఒక్క మందే మిగులుతుంది, దాన్ని తట్టుకునే రకాలు పుట్టుకొస్తాయి. తర్వాత ఆ మందు మీకు ఎప్పటికీ పనికిరాకుండా పోవచ్చు. అందుకే ఆపడానికి ముందే వేరే మాత్రలకి మార్చి, కొన్ని వారాలాగి ఆపుతారు. నెలల తరబడి పనిచేసే ఇంజెక్షన్ల మీద ఉన్నవాళ్లయితే ఇంకా కష్టం, ఆ మందు ఏడాది పైగా కూడా ఒంట్లో జాడ వదలొచ్చు.

వేదిక_నిర్వాహకులు

ఒక మనవి. ఏ ఆసుపత్రి, ఏ ఊరు, ఏ డాక్టరు అన్నది ఇక్కడ రాయకండి, ఎవరినీ అడగకండి. అలా రాసిన రెండు పోస్టులు తీసేశాం. ఇక్కడ రాస్తున్నవాళ్లలో చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోలేని స్థితిలో ఉన్నారు. వాళ్ల గుట్టు కాపాడటం మనందరి పని.

కొత్త_సభ్యుడు

ఇదంతా చదివితే ఎవరూ చేరకూడదనిపిస్తోంది. ఆశ ఏమీ లేదా? నాకు రోగం బయటపడి ఎక్కువ కాలం కాలేదు. జీవితాంతం మాత్రలేనా అన్న ఆలోచన నన్ను తినేస్తోంది.

ల్యాబ్‌కోటు

తమ్ముడూ, ఆశ ఉంది.

బార్సిలోనాలో చేసిన ఏలిక్స్-002 అనే ట్రయల్ ఉంది, 2022లో ప్రచురించారు. వైరస్ ఏ భాగాన్ని మార్చుకుంటే బలహీనపడుతుందో ఆ భాగాలనే ఎంచి టీకాలో పెట్టారు. డీఎన్‌ఏ, ఎంవీఏ, చింపాంజీ ఎడినోవైరస్ వాహనాల్ని వరసగా వాడారు. భద్రతకి ఇబ్బంది రాలేదు. మాత్రలు ఆపాక, పుట్టుకతో అనుకూలమైన జన్యువులు ఉన్నవాళ్లని పక్కనపెట్టి లెక్క చూస్తే, టీకా వేసుకున్న 20 మందిలో 8 మంది 22 వారాలపాటు మాత్రలు లేకుండా ఉండగలిగారు. ప్లాసిబో వాళ్లలో 12 మందిలో ఒక్కరే. చిన్న సంఖ్యలు, లెక్కల మాస్టారు గారు ఒప్పుకోరని తెలుసు. అయినా నేను ఆ గ్రాఫు చూసినరోజు చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయా.

వాళ్లంతా ఇన్ఫెక్షన్ సోకిన తొలినాళ్లలోనే మందులు మొదలుపెట్టినవాళ్లు. అది ముఖ్యం. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల రిజర్వాయర్‌లో టి కణాల నుంచి తప్పించుకోవడం నేర్చిన వైరస్‌లే ఎక్కువగా ఉంటాయని 2015లో తేలింది. మామూలు టీకా పాత వైరస్‌ని గుర్తుపట్టే కణాలని పెంచుతుంది, దాగినవేమో మారిపోయి ఉంటాయి. మీరు త్వరగా మందులు మొదలుపెట్టారంటే ఆ పని మీ చేతుల్లో ఉన్నంతవరకు చేశారు. మానకండి.

లెక్కల_మాస్టారు

20కి 8, 12కి 1. అనుమానించాల్సిన సంఖ్యలే, కానీ కొట్టిపారేయాల్సినవి కావు. ఇంకా పెద్ద ట్రయల్ చేసి చూడటానికి అవి చాలు. తొలి దశ పని అంతవరకే.

దానికి ఎదురుగా ఇంకోటి పెట్టాలి. బ్రిటన్‌లో రివర్ ట్రయల్, 60 మంది. వాళ్లలో సగం మందికి టీకాతోపాటు దాగిన వైరస్‌ని మేల్కొలిపే మందు వోరినోస్టాట్ కూడా ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది: టి కణాలు పెరిగాయి, రిజర్వాయర్‌లో తేడా లేదు. హాని జరగలేదు, లాభమూ కనిపించలేదు. ఆ 60 మంది ఇచ్చిన సమయం, రక్తం వల్లే ఆ దారి అంతవరకేనని తెలిసింది. ఫలితం రాలేదు కాబట్టి వృథా అన్నవాళ్లతో నేను గట్టిగా వాదిస్తా.

నీలిమేఘం

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, నా తోడుని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వెళ్లొచ్చాను. ఏమన్నారో రాస్తాను, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది.

నాకన్నా ముందు తక్కువ డోసు గుంపు పూర్తయింది, కమిటీ అనుమతి ఇచ్చింది. నేను రెండో డోసు గుంపు. ఆపే నిబంధనల పేజీ చూపించారు. హెపటైటిస్ బి పరీక్ష ముందే చేస్తారట. నా మాత్రల్లో ఎఫావిరెంజ్ లేదు.

మాత్రలు ఆపే భాగానికి వేరే సంతకం ఉంది. అది పెట్టకపోయినా మొదటి భాగంలో కొనసాగొచ్చు. ఇది నేను చదివిన ఫారంలో స్పష్టంగా లేదు, ఆ మాటే వాళ్లతో అన్నాను. ప్రెప్ గురించి నా తోడే అడిగారు. ఇస్తామన్నారు, కానీ కాగితం మీద లేదు. కాగితం మీదికి వచ్చేదాకా రెండో సంతకం గురించి మాట్లాడొద్దని ఇద్దరం చెప్పి వచ్చాం.

మొదటి భాగానికి ఒప్పుకుంటున్నా. ఏళ్లుగా నేను మింగుతున్న మాత్రలు కూడా ఎవరో ముందు చెయ్యి చాపితేనే నాదాకా వచ్చాయి.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఇందులో చేరితే, రేపు ఇంతకన్నా మంచి టీకా వస్తే దాని ట్రయల్‌లో చేరనిస్తారా?

తోడు_నీడ

మీ తోడు అడిగారని చదివి ఎంత సంతోషమేసిందో. ఇద్దరికీ మంచి జరగాలి.

నర్సమ్మ

మంచి ప్రశ్న. చాలా ట్రయల్స్‌లో ఇంతకుముందు ఏదైనా ప్రయోగాత్మక హెచ్‌ఐవీ టీకా వేసుకున్నవాళ్లని చేర్చుకోరు. ఫలితం ఏ టీకాదో తేల్చలేరు కాబట్టి. అంటే ఇందులో చేరితే కొన్ని తలుపులు మూసుకోవచ్చు, అది తెలిసే చేరాలి.

దానికి తోడు ఎంవీఏ వాహనం మీదే మీ ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. తర్వాత అదే వాహనంతో వచ్చే టీకా మీలో కొంచెం తక్కువగా పనిచేయొచ్చు. వేరే వాహనమైతే ఆ ఇబ్బంది ఉండదు.

మీకు వేసింది టీకానా ప్లాసిబోనా అన్నది ట్రయల్ ముగిశాక చెప్తారా అనీ అడగండి. ప్లాసిబో అని తేలితే తర్వాతి ట్రయల్స్‌కి అడ్డం ఉండకపోవచ్చు. ఎప్పుడు చెప్తారో, రాతపూర్వకంగా ఇస్తారో లేదో సంతకానికి ముందే తేల్చుకోండి. మొదటి డోసు రోజు ఏమైనా తిని వెళ్లండి, ఆరోజు తీసే రక్తం గొట్టాలు మామూలుకన్నా ఎక్కువే ఉంటాయి.